ఏజెంట్ ఎవరి మనిషి?

ఇళ్లు చూపించడానికి వచ్చిన ఏజెంటుతో మూడో ఇంటికల్లా చనువు ఏర్పడిపోతుంది. కారులో కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతారు కాబట్టి కొనేవాళ్లు అన్నీ చెప్పేస్తారు. ఎంతవరకు పెట్టగలరో, బ్యాంకు ఎంత ఇస్తానందో, ఇప్పుడున్న అద్దె ఇల్లు ఎప్పటికి ఖాళీ చేయాలో, ఇందాక చూసిన ఇంట్లో వెనక గది ఎంత నచ్చిందో. ఆ సాయంత్రం ఏజెంటు ఇంటి యజమానికి ఫోన్ చేసి, "వాళ్లు ఇంకా పైకి వస్తారు, మీరు తగ్గకండి" అంటాడు. వినడానికి మోసంలా ఉంటుంది. కానీ అతన్ని పెట్టుకున్నది ఆ యజమానే అయితే, అతను చేసింది ఒప్పుకున్న పనే. కొనేవాళ్లే అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగకుండా నోరు విప్పారు: "మీరు ఎవరి తరఫున?"

ఈ పొరపాటుకు పాత చరిత్రే ఉంది. 1983లో అమెరికాలో వ్యాపార మోసాల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది ఇళ్ల బ్రోకరేజీ వ్యాపారం మీద ఒక నివేదిక ఇచ్చారు. అప్పటి అక్కడి పద్ధతి ప్రకారం, కొనేవాళ్లను వెంటబెట్టుకుని తిప్పే ఏజెంటు కూడా సాధారణంగా చట్టం లెక్కలో అమ్మేవాడి మనిషే. కొన్నవాళ్లలో ఎక్కువమంది మాత్రం అతను తమ మనిషే అనుకున్నారని ఆ నివేదికలో తేలింది. ఏజెంటు తాను ఎవరి తరఫునో ముందే చెప్పి తీరాలన్న నిబంధనలు, కొనేవాళ్లకు విడిగా ఏజెంటు ఉండే పద్ధతి ఆ తర్వాతే అక్కడ బలపడ్డాయి. బ్రిటన్‌లో ఇప్పటికీ ఎస్టేట్ ఏజెంట్ అంటే మామూలుగా అమ్మేవాడి మనిషే. కొనేవాళ్లకు తమ మనిషి కావాలంటే డబ్బిచ్చి వేరే పెట్టుకోవాలి.

కాబట్టి ఏజెంటు నుంచి ఏమి ఆశించాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అమ్మేవాడి ఏజెంటు నుంచి కొనేవాళ్లు ఆశించదగ్గది తక్కువే, అయినా గట్టిది: అబద్ధం చెప్పకూడదు, తెలిసిన పెద్ద లోపాన్ని దాచకూడదు, ఇచ్చిన ఆఫర్‌ను తన దగ్గరే తొక్కిపెట్టకుండా యజమానికి చేర్చాలి. అంతకుమించి అతను కొనేవాళ్లకు సలహాదారు కాదు. ఎంత నవ్వుతూ మాట్లాడినా అవతలి పక్షం మనిషే. సొంత ఏజెంటు విషయం వేరు. అతను రహస్యాలు కాపాడాలి, ధర మీద నిజమైన అభిప్రాయం చెప్పాలి, కొనేవాళ్ల కోసం బేరమాడాలి, తన లాభానికీ వాళ్ల లాభానికీ తేడా వచ్చిన చోట వాళ్ల వైపు నిలబడాలి.

మూడో రకం ఇంకొకటి ఉంది. రెండు వైపులా ఒకడే. అమ్మేవాడికి అతనే, కొనేవాడికి అతనే, కమిషన్ రెండు చేతులా. రెండు పడవల మీద కాలు పెట్టినవాడు ఏ పడవనూ నడపలేడు. ఒకరికి ధర పెంచి పెడతానని, ఇంకొకరికి తగ్గించి పెడతానని ఒకే మనిషి మాటివ్వడం కుదరదు. నిజాయితీపరుడైతే బేరం జోలికి పోకుండా కాగితాలు, కబుర్లు అటూ ఇటూ చేరవేసే పోస్ట్‌మ్యాన్‌గా మిగులుతాడు. నిజాయితీ లేనివాడైతే ఏమి చేస్తాడో చెప్పనక్కర్లేదు. సింగపూర్ 2010లో తెచ్చిన ఎస్టేట్ ఏజెంట్ల చట్టం కింది నిబంధనలు ఒకే లావాదేవీలో రెండు పక్షాలకూ పనిచేయడాన్ని నిషేధించాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2018లో అదే పని చేసింది, ఏజెంట్లు దొరకని మారుమూల ప్రాంతాలకు మాత్రం కొద్దిపాటి మినహాయింపు ఉంచింది. చట్టం అడ్డుకోని చోట కూడా కొనేవాళ్లు ఇలాంటి ఏర్పాటుకు ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. ఒప్పుకుంటే, బేరానికి తమకు ఎవరూ లేరన్న లెక్కతోనే ముందుకు వెళ్లాలి, పూర్తి సలహాకు ఇచ్చే ఫీజు ఇవ్వకూడదు.

ఇక డబ్బు సంగతి. తరఫు ఎవరిదో తేలాక కూడా, ఏజెంటు మనసు ఎటు మొగ్గుతుందో తెలియాలంటే కమిషన్ లెక్క వేసి చూడాలి. ఇంటి ధర 100 అనుకుందాం, ఏజెంటుకు 2 శాతం. అంటే 2 వస్తుంది. మూడు వారాలు కూర్చుని గట్టిగా బేరమాడి ధరను 96కి దింపాడనుకుందాం. కొనేవాడికి 4 మిగిలింది. ఏజెంటుకు 1.92 వచ్చింది. అంటే అంత కష్టపడినందుకు అతనికి దక్కిన బహుమానం 0.08 నష్టం. అదే బేరం తెగిపోతే పోయేది మొత్తం 2. ఈ లెక్కలో ఏజెంటుకు ధర పెద్ద విషయం కాదు, ఏదో ఒక ధరకు బేరం ముగియడమే పెద్ద విషయం. దుర్మార్గుడు కానక్కర్లేదు, మామూలు మనిషైనా అటే జారుతాడు.

ఇది ఊహ కాదనడానికి ఆధారం ఉంది. ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని షికాగో చుట్టుపక్కల జరిగిన దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించారు. ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు, ఖాతాదారుల ఇళ్లతో పోలిస్తే సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగారు, దాదాపు 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారు. అంటే ఆగితే ధర వస్తుందని వాళ్లకు తెలుసు. తమ ఇంటి దగ్గర ఆగారు, ఇతరుల ఇంటి దగ్గర "ఇక ఒప్పేసుకోండి" అన్నారు. అధ్యయనం అమ్మేవాళ్ల గురించే, కానీ ఆ అద్దాన్ని తిప్పి పట్టుకుంటే కొనేవాళ్ల ముఖం కనిపిస్తుంది. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెత పుట్టినప్పుడు కమిషన్ శాతాలు లేవేమో గానీ, రెండు వైపులా తొందరపెట్టేవాడు ఒకడు మధ్యలో ఉండే ఉంటాడు.

అందుకే ఫీజు గురించి మొహమాటం పనికిరాదు. ఎంత, ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇవ్వాలి, బేరం కుదరకపోతే ఏమిటి, ఒప్పందం ఎప్పటికి ముగుస్తుంది, మధ్యలో మానుకోవాలంటే దారేమిటి. ఇవన్నీ ఇళ్లు చూడడం మొదలుపెట్టకముందే కాగితం మీద ఉండాలి. అమెరికాలో ఈ మాట చెప్పించడానికి పెద్ద కోర్టు కేసే పట్టింది. అక్కడ అమ్మేవాడు ఇచ్చే కమిషన్‌లోనే కొనేవాడి ఏజెంటు వాటా కూడా కలిసి ఉండేది. కొనేవాళ్లకు ఏజెంటు ఉచితంగా దొరికినట్టు కనిపించేది, ఖర్చు మాత్రం ధరలోనే దాగి ఉండేది. 2023 అక్టోబరులో మిస్సోరి రాష్ట్రంలోని ఒక జ్యూరీ ఈ పద్ధతికి వ్యతిరేకంగా దాదాపు 180 కోట్ల డాలర్ల నష్టపరిహారం తేల్చింది. 2024 మార్చిలో అక్కడి ఏజెంట్ల పెద్ద సంఘం నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 41.8 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఆ రాజీ ప్రకారం 2024 ఆగస్టు 17 నుంచి, ఆ సంఘం కింద నడిచే, అమ్మకానికి ఉన్న ఇళ్ల ఉమ్మడి జాబితాలను వాడుకునే ఏజెంటు కొనేవాడికి ఇల్లు చూపించే ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. అందులో ఫీజు స్పష్టమైన అంకెల్లో ఉండాలి, ఎంతైనా కావచ్చు అన్నట్టు వదిలేయకూడదు. ఒప్పుకున్న దానికంటే ఎక్కువ ఇంకెవరి దగ్గరా తీసుకోకూడదు. జపాన్‌లో ఫీజుకు ప్రభుత్వమే పరిమితి పెట్టింది. జర్మనీలో 2020 డిసెంబరు నుంచి, ఫ్లాటో ఒక కుటుంబం ఉండే ఇల్లో కొనే మామూలు మనిషి మీద, అమ్మేవాడు పెట్టుకున్న ఏజెంటు కమిషన్ మొత్తం రుద్దడానికి వీల్లేదు, అమ్మేవాడు కూడా కనీసం సగం మోయాలి. ఎవరి పద్ధతి వారిది. వీటన్నిటి వెనకా ఉన్న అవసరం మాత్రం ఒక్కటే, డబ్బు దారి కొనేవాడి కంటికి కనబడాలి.

కమిషన్ కాకుండా పక్కదారి డబ్బు కూడా ఉంటుంది. "లోన్ కోసం ఫలానా ఆఫీసుకు వెళ్లండి, కాగితాలు ఫలానా లాయరు చూస్తాడు, ఇంటి తనిఖీకి మా వాడున్నాడు" అని ఏజెంటు చెప్పినప్పుడు అది సాయమే కావచ్చు. పరిచయస్తుల పని చురుగ్గా జరుగుతుంది కూడా. కానీ పంపించినందుకు అటునుంచి కొంత ముడుతుంటే, ఆ సిఫారసు బరువు తగ్గిపోతుంది. ఇంటి రుణాలకు సంబంధించిన సేవల్లో ఇలా పంపినందుకు డబ్బు తీసుకోవడాన్ని అమెరికా 1974లోనే చట్టం చేసి నిషేధించింది. అన్ని చోట్లా అలాంటి చట్టం ఉండదు. "వాళ్ల దగ్గర మీకేమైనా వస్తుందా?" అని అడగడంలో తప్పు లేదు. ముఖ్యంగా తనిఖీ చేసేవాడు ఏజెంటు మనిషి కాకపోవడమే మంచిది. లోపాలు వెతికే పని, లోపాలు బయటపడితే నష్టపోయేవాడి చేతిలో పెట్టడం ఏం తెలివి?

అసలు చిక్కు నిజం దగ్గర వస్తుంది. అబద్ధం చెప్పకూడదన్నది అందరూ ఒప్పుకుంటారు. కానీ ఏజెంట్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో సూటి అబద్ధం కంటే మౌనమే పెద్ద తలనొప్పి. తెలిసీ చెప్పకపోవడం ఒకటి. తెలుసుకోవాల్సినవాడు తెలుసుకోకపోవడం ఇంకొకటి. ఈ రెండో దాని మీద కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 1984లో ఇచ్చిన తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు. వాలు నేల మీద మట్టి పోసి, దాన్ని సరిగా దిమ్మిస కొట్టకుండా కట్టిన ఇల్లు అది. అంతకుముందే మట్టి జారింది, యజమానులు ఆ సంగతి ఏజెంట్లకు చెప్పలేదు. కొన్న కొద్దికాలానికే నేల మళ్లీ జారి ఇల్లు దెబ్బతింది. "మాకు ఎవరూ చెప్పలేదు" అన్నది ఏజెంట్ల వాదన. కానీ వాలు మీద మట్టి జారకుండా వేసిన వల వాళ్ల కంట్లో పడింది, పోసిన మట్టి మీద కట్టారన్న సంగతీ తెలుసు, ఒక చోట గచ్చు ఎగుడుదిగుడుగా ఉంది. ఇళ్లు చూసి చూసి పండిపోయిన మనిషికి ఈ గుర్తులు చాలని, కాస్త ఆరా తీసి కొనేవాళ్లకు చెప్పి ఉండాల్సిందని కోర్టు తేల్చింది. వాళ్లు అమ్మేవాడి తరఫువాళ్లయినా సరే. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం ఈ బాధ్యతను చట్టంలో రాసుకుంది: కంటికి కనిపించే మేరకు ఏజెంటు ఇంటిని శ్రద్ధగా చూసి, తేలిన ముఖ్య విషయాలు కొనేవాళ్లకు చెప్పాలి.

న్యాయంగా ఆశించదగ్గ గీత ఇక్కడే పడుతుంది. గోడ వెనక పైపు పగిలిందా, పునాది కింద ఏముంది అన్నది ఏజెంటు చెప్పలేడు. అతను ఇంజనీరు కాడు. కానీ పైకప్పు మూలలో తడి మరక ఉంటే, ఒక్క గదికే కొత్త సున్నం వేసి ఉంటే, తలుపు చట్రం ఒరిగి ఉంటే, "ఇది దేనివల్లో కనుక్కోండి" అని వేలు పెట్టి చూపించాలి. లోపానికి మందు చెప్పక్కర్లేదు, లోపం ఉన్న చోటు చూపిస్తే చాలు.

జపాన్‌లో ఈ చెప్పడాన్ని పూర్తి తంతుగా మార్చారు. ఒప్పందం మీద సంతకానికి ముందే, అర్హత పరీక్ష పాసైన మనిషి తన గుర్తింపు కార్డు చూపించి, ఆస్తికి సంబంధించిన ముఖ్య విషయాల పత్రాన్ని కొనేవాడికి వివరించాలి. భారతదేశంలో 2016 రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం, రిజిస్టర్ అయిన ప్రాజెక్టుల్లో అమ్మకాలు జరిపే ఏజెంటు తాను కూడా రిజిస్టర్ అయి ఉండాలి, బుకింగ్ సమయంలో కొనేవాడికి హక్కుగా రావాల్సిన సమాచారం, కాగితాలు అందేలా చూడాలి. రిజిస్ట్రేషన్ నంబర్ చూపించమని అడిగితే ముఖం చిట్లించే ఏజెంటు దగ్గర ఇక ఆగి చూడాల్సిందేమీ ఉండదు.

నిజం ఎంతవరకు చెప్పాలన్న దాని మీద ఒక వింత కేసూ ఉంది. ఒక యజమాని తన ఇంట్లో దెయ్యాలు తిరుగుతాయని పత్రికల్లో పదేపదే ప్రచారం చేసుకుని, అమ్మేటప్పుడు మాత్రం బయటి ఊరి నుంచి వచ్చిన కొనుగోలుదారుకు ఆ ముక్క చెప్పలేదు. న్యూయార్క్ అప్పీలు కోర్టు 1991లో, చట్టం దృష్టిలో ఆ ఇంట్లో దెయ్యాలు ఉన్నట్టే లెక్క అని చెప్పి, ఒప్పందం నుంచి బయటపడే అవకాశం కొన్నవాడికి ఇచ్చింది. ఏజెంటు మీద నష్టపరిహారం మాత్రం రాలేదు. నవ్వు తెప్పించే తీర్పే కానీ అందులో పనికొచ్చే సంగతి ఉంది. మనిషి చావు జరిగిన ఇల్లు, పక్కింటితో తగాదా, చుట్టూ వదంతులు లాంటివి ఏజెంటు తనంతట తాను చెప్పాలా వద్దా అన్నది చోటును బట్టి మారుతుంది. అడిగితే అబద్ధం చెప్పకూడదన్నది మాత్రం అంతగా మారదు. అందుకే పట్టింపు ఉన్న విషయాన్ని నోటితో వదిలేయకుండా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో అడిగి, జవాబు దాచుకోవడం మేలు.

ఏజెంటు నుంచి ఆశించకూడనివి కూడా ఉన్నాయి. అక్కడ కొనేవాళ్లు తరచూ అన్యాయం చేస్తారు. ఆస్తి హక్కు చిక్కు లేనిదని తేల్చేది లాయరు. లోన్ వస్తుందో రాదో చెప్పేది బ్యాంకు. అయిదేళ్లలో ధర రెట్టింపవుతుందా అన్న ప్రశ్నకు నిజమైన జవాబు ఎవరి దగ్గరా లేదు, కచ్చితంగా అవుతుందని చెప్పే ఏజెంటును ఆ ఒక్క మాటకే అనుమానించవచ్చు.

"ఈ చుట్టుపక్కల ఎలాంటివాళ్లు ఉంటారు?" అన్న ప్రశ్న ఇంకాస్త సున్నితం. చాలామంది ఇది అమాయకంగానే అడుగుతారు. ఏజెంటు జవాబు దాటేస్తే ఏదో దాస్తున్నాడనుకుంటారు. కానీ అమెరికాలో 1968 నాటి చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం లాంటివి చూసి కొనేవాళ్లను ఒక వీధి వైపు తోయడం, ఇంకో వీధికి రాకుండా చేయడం చట్టవిరుద్ధం. అలాంటి ప్రశ్నకు మౌనంగా ఉండే ఏజెంటే పద్ధతైనవాడు. స్కూళ్లు, నేరాల లెక్కలు, వరద ముప్పు ఎక్కడ చూసుకోవాలో చెబితే అతని బాధ్యత తీరుతుంది. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఆ వీధిలో నడిచి చూడాల్సింది కొనేవాళ్లే.

బేరం దగ్గరకు వస్తే, సొంత ఏజెంటు విలువ అక్కడే తేలుతుంది. అతను చూపించాల్సింది పక్క ఇళ్లకు ఎంత అడుగుతున్నారో కాదు, ఈమధ్య అలాంటి ఇళ్లు నిజంగా ఎంతకు అమ్ముడుపోయాయో. అడిగే ధర కోరిక మాత్రమే, అమ్ముడుపోయిన ధర జరిగిన సంగతి. "ఈ ఏరియాలో ఇంతే అండీ" అన్న మాటకు వెనక నాలుగైదు అమ్మకాల వివరాలు లేకపోతే దానికి బరువు లేదు. తర్వాత, ఇల్లు ఎంతకాలంగా అమ్మకానికి ఉంది, మధ్యలో ధర తగ్గించారా, యజమానికి తొందర ఉందా అన్నవి కూడా కనుక్కుని రావాలి. ఇవి పెద్ద రహస్యాలేమీ కావు, అడిగే ఓపిక కావాలంతే.

"ఇంకో పార్టీ కూడా చూస్తోంది, ఈ రాత్రికే తేల్చండి" అన్న మాటతో ఎంతమంది టెన్షన్ పడి సంతకాలు పెట్టారో లెక్కలేదు. నిజంగా పోటీ ఉంటే ఆ సంగతి చెప్పడం ఏజెంటు బాధ్యతే. లేని పోటీని పుట్టించడం వేరే సంగతి. బ్రిటన్‌లో 1979 ఎస్టేట్ ఏజెంట్ల చట్టం కింద 1991లో వచ్చిన ఉత్తర్వు, లేని ఆఫర్ ఉందని చెప్పడాన్ని తప్పుడు పద్ధతుల్లో చేర్చింది. రెండింటికీ తేడా కనిపెట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. "ఆఫర్ రాతలో వచ్చిందా? ఎప్పటిలోగా జవాబు చెబుతానన్నారు?" అని అడగాలి. నిజమైన పోటీకి తేదీలు ఉంటాయి. అల్లిన పోటీకి "మీ ఇష్టమండీ, తర్వాత నన్ను అనకండి" అన్న నిట్టూర్పు ఉంటుంది. ఇంటి తనిఖీ మానేస్తే ఆఫర్ గట్టిపడుతుందని ఏజెంటు చెబితే, అందులో ఉన్న ప్రమాదాన్ని కూడా అదే గొంతుతో చెప్పాలి. చెప్పకపోతే అది సలహా కాదు, తొందర.

వీటన్నిటిలోకీ ఏజెంటును తూచే గట్టి రాయి ఒకటుంది. "ఇది వద్దు" అని అతను ఎప్పుడైనా అన్నాడా? పది ఇళ్లు చూపించి పదీ బాగున్నాయన్నవాడు, తలుపు తీసే పని చేశాడు తప్ప ఇంకేమీ చేయలేదు. తలుపు ఎవరైనా తీస్తారు. కమిషన్ పోతుందని తెలిసి కూడా, ఈ ఇంటికి వెలుతురు రాదనో, ఈ ధరకు మళ్లీ అమ్ముడుపోదనో, మీరు చెప్పిన బడ్జెట్‌కు ఇది బరువవుతుందనో అన్నవాడు తన ఫీజు సంపాదించుకున్నట్టే. అనుభవం, లైసెన్సు, పరిచయాలు అన్నీ కావలసినవే, కానీ కమిషన్ లెక్క అతన్ని ఎటు లాగుతుందో తెలిశాక, ఆ లాగుడుకు ఎదురు నిలబడ్డ సందర్భం ఒక్కటైనా కనిపించాలి.

ఇచ్చిపుచ్చుకోవడం కొనేవాళ్ల వైపు నుంచి కూడా ఉండాలి. బడ్జెట్ దాచి నెలల తరబడి తిప్పడం, ఒకరితోనే పని చేస్తామని సంతకం పెట్టి వెనక ఇంకో ఇద్దరితో తిరగడం, ఏజెంటు వెతికి పెట్టిన ఇంటికి అతన్ని పక్కన పెట్టి నేరుగా యజమాని దగ్గరకు వెళ్లడం, ఇవన్నీ జరుగుతూనే ఉంటాయి. ఒక రోజులో ఫోన్‌కు జవాబు రావాలని ఆశించడం న్యాయం. రాత్రి పదకొండుకు రావాలనుకోవడం అత్యాశ.

ఒప్పందం మీద సంతకాలయ్యాక చాలామంది ఏజెంట్లు సగం మాయమవుతారు. పని మాత్రం అక్కడ సగమే అయి ఉంటుంది. లోన్ గడువు ఎప్పుడు, తనిఖీ నివేదిక మీద అభ్యంతరం చెప్పడానికి ఎన్ని రోజులు, మిగతా డబ్బు ఏ తేదీకి కట్టాలి అన్నవి గుర్తు చేస్తూ ఉండాల్సింది సొంత ఏజెంటే. ఒక్క గడువు దాటినా కట్టిన అడ్వాన్స్ పోయే ప్రమాదం ఉంటుంది. చివరగా, తాళాలు తీసుకునే ముందు ఇంటిని మరోసారి తిరిగి చూడాలి. కుళాయిలు తిప్పాలి, స్విచ్‌లు వేయాలి, ఉంచుతామన్న అల్మారాలు ఉన్నాయో లేదో చూడాలి, చేస్తామన్న రిపేరు నిజంగా చేశారో పైన రంగు పూసి వదిలేశారో చూడాలి. తేడా కనిపిస్తే ఏజెంటు యజమానికి అక్కడి నుంచే, డబ్బు చేతులు మారకముందే ఫోన్ చేయాలి. మారాక చేసిన ఫోన్‌ను అవతలివాళ్లు ఎత్తితే ఎత్తుతారు, లేకపోతే లేదు.